ప్రతిపక్షము లేని అసంతృప్తి

హిజ్లీలో నడుమ ఎత్తైన బురుజుతో, ఇరువైపుల పొడవైన గదుల వరుసలతో ఒక పాత భవనము కలదు. 1930లో బ్రిటిషు ప్రభుత్వము దానిని నిర్బంధ శిబిరముగా చేసికొనెను. అందు ఉంచబడినవారికి విచారణ లేదు, శిక్షాకాలపు లెక్క లేదు, అనుమానమే నేరము. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి కావలివారు ఆయుధము లేని బందీలపై తుపాకులు కాల్చిరి. సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను ఇరువురు మరణించిరి. వారి దేహములకొరకు సుభాస్‌చంద్ర బోసు హిజ్లీకి వచ్చిరి. డెబ్బది యేండ్ల రవీంద్రనాథ ఠాకూరు కలకత్తా బహిరంగసభలో నిలిచి నిరసన తెలిపిరి. ఆ దినములలో దేశమందు ప్రతిపక్షమెక్కడ అని బాటసారి యెవడైన అడిగియుండినచో, పసులకాపరి పిల్లవాడుకూడ వ్రేలు చాచి ఆ గోడను చూపియుండును. చట్టము దానిని ఒప్పుకొనలేదు. అయినను అది ఎక్కడ ఉన్నదో ఎల్లరకు తెలియును.

స్వాతంత్ర్యము వచ్చినది. 1951లో ఆ భవనముననే దేశపు మొదటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆరంభమయ్యెను. చెరసాల చదువులశాల యగుట లోకములో తరచుగా జరుగు విశేషము కాదు. దానిని తలచుకొని గర్వించుట న్యాయమే. కాని చెరసాలతోపాటు ఆ ప్రశ్నకు సమాధానముకూడ మాసిపోయినది. తరువాత ఏ పక్షము ఏలినను, ఏ దశాబ్దమున అడిగినను, ప్రతిపక్షమెక్కడ అను ప్రశ్నకు ఆ ప్రాంతములో సూటియైన జవాబు దొరకుట అరుదైనది.

ఒకే పక్షము దీర్ఘకాలము ఏలుట ప్రజలకు మేలు కాదని అందరును అందురు. ఎదురు లేనివాని యేలుబడిలో లెక్కలు దాగును. సమర్థుడు ప్రక్కకు తొలగి అనుచరుడు ముందుకు వచ్చును. పార్టీ కార్యాలయము పంచాయతీకిని, ఠాణాకును, పాఠశాలకును ద్వారపాలకుడగును. ఇదంతయు నిజమే. కాని ఈ నిందనెల్ల పాలకపక్షముపై మోపి చేతులు దులుపుకొనుట సగము నిజము చెప్పుటయే. అధికారము చిక్కినవాడు దానిని తనంత విడువడు. పులి మందలో పడినదని వాపోవువారు, కంచె కట్టవలసినవాడు ఆ రాత్రి ఎక్కడ నిద్రించెనో అడుగవలదా? దీర్ఘపాలనలను నిలిపినది పాలకుల బలమెంతయో ప్రతిపక్షముల సోమరితనమును అంతయే. కొన్నిచోట్ల అంతకు మిక్కిలి.

1952 డిసెంబరులో పూనాలో ప్రసంగించుచు డాక్టరు అంబేద్కరు ప్రజాస్వామ్యము సాగుటకు కావలసిన షరతులలో ప్రతిపక్షమును ఒకదానిగా చెప్పిరి. ఇంగ్లండులో ప్రతిపక్షనాయకునకు ప్రభుత్వ ధనమునుండి జీతమిత్తురని గుర్తుచేసిరి. మన లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్షనాయకుడు 1969 వరకు లేడు. ఆ పదవికి జీతము నిర్ణయించిన చట్టము 1977లోగాని రాలేదు. మరల 2014 నుండి 2024 వరకు పదేండ్లు ఆ స్థానము ఖాళీగా నుండెను. జీతమున్నను జీవము లేకున్నచో ఏమి లాభమని వేరుగ అడుగవచ్చును.

పశ్చిమ బెంగాలు చరిత్రను చూచినచో ఒక విచిత్రము కనబడును. స్వాతంత్ర్యము మొదలు ఇరువది యేండ్లు కాంగ్రెసు, 1967లో దాని పతనము, అయిదేండ్ల కల్లోలము, 1972లో మరల కాంగ్రెసు, 1977 నుండి 2011 వరకు ముప్పదినాలుగేండ్లు వామపక్ష సంఘటన, 2011, 2016, 2021 ఎన్నికలలో వరుసగా తృణమూల్ కాంగ్రెసు. అచ్చట ప్రభుత్వము మారుట అరుదు; మారినప్పుడు వరదవలె మారును. వరద కట్టను తెంపునుగాని కాలువ త్రవ్వదు.

అంతకంటె విచిత్రమైనది, ఎదిరించిన నాయకుల పుట్టుక. 1967లో కాంగ్రెసును గద్దె దింపిన కూటమికి ముఖ్యమంత్రియైన అజయ్ ముఖర్జీ మేదినీపురమువారు; జీవితమంతయు కాంగ్రెసులో గడపి, అందుండి వెడలి బాంగ్లా కాంగ్రెసును స్థాపించినవారు. మమతా బెనర్జీ కాంగ్రెసునుండి వెడలి 1998 జనవరి 1న తృణమూల్ కాంగ్రెసును నెలకొల్పిరి. 2021లో శాసనసభలో ప్రతిపక్షనాయకుడైన శువేందు అధికారి 2020 నవంబరు వరకు అదే తృణమూల్ ప్రభుత్వములో మంత్రి; ఆ డిసెంబరులో మేదినీపురము సభలో భారతీయ జనతా పార్టీలో చేరిరి. ఏలుచున్న ఇంటనుండి అలిగి వచ్చినవాడే ఎదిరింటి యజమాని యగుట అచ్చట ఆచారమైనది. అట్టివాడు తాను వెడలివచ్చిన యింటిలో ఏయే గది ఎట్లున్నదో చక్కగా ఎరుగును. ఆ యిల్లే కట్టిన తీరు తప్పని మాత్రము అతనికి తోచదు.

తెలుగుదేశము ఈ విషయములో వంగదేశమును చూచి నవ్వదగినది కాదు. 1956 నుండి 1983 వరకు ఆంధ్రప్రదేశమును కాంగ్రెసే ఏలెను. చివరి అయిదేండ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అను నలుగురు ముఖ్యమంత్రులు వరుసగా ఢిల్లీ ఆజ్ఞచే మారిరి. జనులు ముక్కుపై వ్రేలువేసికొని చూచిరి. అప్పుడు సభలో నున్న ప్రతిపక్షములకు చేతనైనది అంతంతమాత్రము. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశము పార్టీ 1983 జనవరిలో 294 స్థానములలో 200కు పైగా గెలిచెను. ఇది నందమూరి తారకరామారావు ప్రతిభకు నిదర్శనమని అందరును వ్రాసిరి. అది పాత ప్రతిపక్షములపై ఎంతటి తీర్పో మాత్రము కొందరే గమనించిరి. తొమ్మిది నెలల శిశువు చేయగలిగిన పనిని ఇరువదియేడేండ్ల పెద్దలు ఏల చేయలేకపోయిరి?

ఇక ఖరగ్‌పూరు సంగతి. దక్షిణమునుండి వచ్చు కొన్ని రైళ్ళు ఇప్పుడు ఖరగ్‌పూరు జంక్షను చొరక, ప్రక్కనున్న హిజ్లీ స్టేషనులోనే ఆగి సాగిపోవును. దిగినవారికి చెవిని పడు భాషలలో తెలుగొకటి. బెంగాల్ నాగపూరు రైల్వే కర్మాగారమునకు పనివాండ్రై శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి తరలిన కుటుంబములు అచ్చటనే నాలుగు తరములుగ వేళ్ళూనినవి. ఈ పట్టణము రాష్ట్రములో ఎవరు ఏలుచున్నను ఏలనివారికి ఓటువేసి చూపిన ఊరు. 1982 నుండి 2011 వరకు జరిగిన ప్రతి శాసనసభ ఎన్నికలోను ఖరగ్‌పూరు పట్టణము కాంగ్రెసు అభ్యర్థి జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్‌ను గెలిపించెను. ఊరివారు ఆయనను చాచా అని పిలిచిరి. కలకత్తాలో వామపక్షము కొండవలె కూర్చుండియుండగా ఈ యొక్క పట్టణము దశాబ్దములకొలది తన అసమ్మతిని ఆ యొక్కనిచేతికి ఇచ్చి పంపెను.

పంపిన అసమ్మతి ఏమయ్యెను? ఆయన మర్యాదస్థుడు, నిరాడంబరుడు. దానిని ప్రత్యర్థులును ఒప్పుకొనిరి. కాని ఒక మంచి మనిషి శాసనసభలో కూర్చుండుట ప్రతిపక్షము కాదు. ఆయన పార్టీ ఆ యోగ్యతను చూచుకొని నిశ్చింతగా నిద్రించెను. ఒక వ్యక్తిపై గౌరవము ఎన్నికలు గెలిపించుచుండగా సంఘము కట్టవలసిన శ్రమ ఎవరికి కావలెను? 2016లో తొంబదియేండ్లు దాటిన వయసున ఆయన భారతీయ జనతా పార్టీకి చెందిన దిలీప్ ఘోష్ చేతిలో ఓడిపోయిరి. మరుసటి యేడు మరణించిరి. ఆయన వెనుక నిలిచినది ఏమున్నదని చూచినచో పట్టణమునకు ఖాళీ కుర్చీయే కనబడెను. దిలీప్ ఘోష్ లోక్‌సభకు పోగా 2019 ఉపఎన్నికలో ఆ స్థానము తృణమూల్‌కు చిక్కెను. 2021లో మరల భారతీయ జనతా పార్టీకి పోయెను. అయిదేండ్లలో మూడుమార్లు చేతులు మారినది. దీనిని ప్రజల చపలత్వమనువారు కలరు. ఇల్లు దొరకనివాడు వీధివీధి తిరిగినచో అతనిని దేశదిమ్మరి యనుట న్యాయమా?

పురపాలకసంఘము సంగతి ఇంకను చోద్యము. 2015 ఎన్నికలలో ముప్పదియైదు వార్డులలో ఏ పక్షమునకును ఆధిక్యము రాలేదు. అనగా పట్టణము మీరందరు కూర్చుండి మాటలాడుకొనుడని చెప్పెను. మాటలాడుకొనుట జరుగలేదు, నడచిపోవుట జరిగెను. ప్రతిపక్షముల గుర్తుపై గెలిచిన సభ్యులు కొందరు అటు దాటగా తృణమూల్ పాలకవర్గము ఏర్పడెను. కొన్నవానిని తిట్టువారు అమ్ముడుపోయినవానికి టిక్కెట్టు ఇచ్చినదెవరో చెప్పరు.

ఈ ఊరే ఒకప్పుడు ప్రతిపక్షమన నేమో దేశమునకు చూపినది. 1927లో ఖరగ్‌పూరు కర్మాగారపు పనివాండ్రు ఫిబ్రవరిలో ఒకసారి సమ్మె కట్టిరి. అదే యేడు పనినుండి తొలగింపులు రాగా మరల పోరాడిరి. ఆ పోరాటమునకు నాయకత్వము వహించినవారిలో ముఖ్యుడు వి. వి. గిరి, బరంపురమున పుట్టిన తెలుగువారు. ఆనాడు పనివాండ్రకు ఓటు లేదు, శాసనసభలో తమవాడు లేడు. వారికున్నది సంఘము, చందాల పుస్తకము, సాయంకాలపు సమావేశము, ఎవరి యింట పొయ్యి వెలుగలేదో కనుగొని రావలసిన బాధ్యత. ఎన్నికల తేదీ వారికి తెలియదు. జీతపు తేదీ తెలియును. ఆ చిన్న చిన్న పనులలోనే దొరతనమును నిలువరించు బలము పుట్టినది. 1974 మే 8 నుండి 27 వరకు దేశమంతట రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు ఖరగ్‌పూరు వెనుకబడలేదు. వేలకొలది కార్మికులు చెరబెట్టబడిరి, సమ్మె అణగెను. ఆ మే మాసమున రాష్ట్రపతి భవనములో నున్నది ఆ గిరిగారే యగుట చరిత్ర తన కొంటెతనము చూపుకొను పద్ధతి. ఓడిన ఆ సమ్మె 1977 ఎన్నికల తీర్పుకు దారితీసిన కారణములలో ఒకటి. అయినను అది ఓడినప్పుడు దానివలన లాభమేమని పెద్దమనుషులు అడిగిరి.

వామపక్షములకు ఈ విద్య తెలియని దేమియు కాదు. 1953లో కలకత్తా ట్రాము చార్జీ ఒక పైసా పెరిగినందుకు వీధులను అదిరించినవారు వారు. 1959లోను 1966లోను తిండిగింజలకై ఉద్యమము నడిపినవారు వారు. ఆ పనివలననే అధికారము వచ్చెను. వచ్చిన తరువాత ముప్పదినాలుగేండ్లు ఏలి, ఎదిరించుట ఎట్లో మరచిరి. 2006లో 294 స్థానములలో 235 గెలిచినప్పుడు ముఖ్యమంత్రి బుద్ధదేవ్ భట్టాచార్య తమకు 235, వారికి 30 అని ప్రతిపక్షమును తేలికచేసిన మాట ఆ రాష్ట్రములో నేటికిని మరుపునకు రాలేదు. ఆ సంవత్సరమే సింగూరు రైతుల పక్షమున మమతా బెనర్జీ ఇరువదియైదు దినములు నిరాహారదీక్ష చేసిరి. మరుసటి యేడు మార్చి 14న నందిగ్రాములో పోలీసు కాల్పులలో పదునాలుగురు మరణించిరి. ముప్పదిమంది సభ్యులతో సభలో ఏమియు చేయలేని పక్షము పొలము గట్టుపై నిలిచినప్పుడు చేయగలిగినది. 2011లో వామపక్షమునకు మిగిలినవి 62. 2021లో వారికిని, కాంగ్రెసునకును కలిపి ఒక్క స్థానమైనను రాలేదు. స్వాతంత్ర్యానంతరము ఆ సభలో ఈ రెండు పక్షములును లేకుండుట అదే మొదటిసారి. ఓటమి యెవరికైన వచ్చును. కాని ఏబది సంవత్సరములు పనివాండ్ర పేరుతో బ్రదికినవారు ఓడిన మరునాడు పనివాని వాకిటికి పోలేదన్నచో, అది పాలకపక్షపు దౌర్జన్యముచే మాత్రమే జరిగెనని చెప్పుట కష్టము.

ఈ లోగా అసంతృప్తి తగ్గినదా? లేదు. 2019 జూనులో మమతా బెనర్జీ తన పార్టీవారినే ఉద్దేశించి ప్రభుత్వ సహాయములనుండి కొట్టిన కట్‌మనీని తిరిగి యిచ్చివేయుడని బహిరంగముగా చెప్పిరి. వెంటనే పల్లెపల్లెన జనులు స్థానిక నాయకుల యిండ్లముందు గుమిగూడి తమ సొమ్ము అడిగిరి. వేలమంది గుండెలలో ఏండ్లుగ కుములుచున్న మాటను మొదట పైకి పలికినది పాలకపక్ష నాయకురాలు. ప్రతిపక్షములు ఆ లెక్కలు ముందే వ్రాసియుంచలేదు. గ్రామమునకు ఒక కాగితము, కాగితమున పేరు, మొత్తము అను పద్ధతిలో వారి కార్యాలయములలో ఏమియు సిద్ధముగా లేదు. తిట్టవలసినవాని తిట్టుకూడ ఏలువాడే తిట్టుకొనవలసివచ్చినచో ఎదుటివాడు సభలో దేనికి? 2016 నాటి ఉపాధ్యాయ నియామకముల అక్రమము బయటపడి 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు 25,753 ఉద్యోగములను రద్దుచేసెను. నిర్దోషులును దోషులతోపాటు వీధిన పడిరి. ఆ పోరాటము న్యాయస్థానములో నడిచినదిగాని శాసనసభలో నడువలేదు. సభ చేయవలసిన పని న్యాయమూర్తి చేసినచో తీర్పు వచ్చును; పాలనమాత్రము చక్కబడదు.

2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఆర్.జి.కర్ వైద్యకళాశాలలో ఒక యువవైద్యురాలు హతమయ్యెను. 14వ తేదీ రాత్రి స్త్రీలు వేలకొలదిగ నగరములలోను చిన్న పట్టణములలోను వీధులకు వచ్చిరి. పార్టీ జెండాలు తేవలదని వారి షరతు. తరువాతి నిరసనలలో కలియవచ్చిన ప్రతిపక్ష నాయకులకు వెనుకకు పొమ్మను కేకలు వినబడెను. ఇంతటి కోపమునకు ఇంతటి అవిశ్వాసము తోడగుట అరుదు. మూడు నెలలు గడిచెను. నవంబరులో ఆరు శాసనసభ స్థానములకు ఉపఎన్నికలు జరుగగా ఆరింటిని తృణమూల్ గెలిచెను. అందొకటి ఖరగ్‌పూరునకు కంసావతీ నది ఆవలి ఒడ్డుననున్న మేదినీపురము. ప్రజలు మరచిపోయిరని కొందరును, అమ్ముడుపోయిరని కొందరును వ్రాసిరి. రెండును ప్రజలను అవమానించు మాటలే. రాత్రి నడిచిన స్త్రీ పగలు ఓటుపెట్టెవద్దకు వచ్చినప్పుడు అచ్చట ఆమె కోపమును మోయగల మనిషి కనబడలేదు. ఆమె నెలనెలకు వచ్చుచున్న సహాయపు సొమ్మును తలచుకొనియుండవచ్చును. అది లంచమని ఎగతాళిచేయువారు దానికి మారుగా ఆమె కిచ్చునదేమో చెప్పగలిగిరా?

ఇందులకు ఆక్షేపణలు లేకపోలేదు. ఎన్నికల పద్ధతియే చిన్న పక్షములను నలుపునని అందురు. అది నిజము. 1955 ఆంధ్రరాష్ట్ర ఎన్నికలలో కమ్యూనిస్టులు నూటికి ముప్పదియొక్క ఓట్లు తెచ్చుకొనియు 196 స్థానములలో 15 మాత్రమే పొందిరి. కాని ఆ ముప్పదియొక్క వంతుల జనమును కాపాడుకొనుటకు ఏ ఎన్నికల పద్ధతియు అడ్డురాలేదు. 1964లో రెండుగా చీలి ఆ జనమును తామే పంచుకొనిరి. ధనము పాలకులయొద్ద నున్నదని అందురు. 1927లో ఖరగ్‌పూరు పనివానియొద్ద ఎంత ధనముండెను?

దౌర్జన్యమను ఆక్షేపణ ఒక్కటి బరువైనది. దానిని తేలికచేయుట తగదు. దానికి ముందు తెలుగువారికి సంబంధించిన చిన్న సంగతి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాష హోదా యిచ్చుటకు నిర్ణయించెను. ఖరగ్‌పూరు తెలుగువారు సంతోషించిరి, సంతోషింపవలసినదే. ఆ భాష ఆ ఊరిలో నూరేండ్లకు పైగా వినబడుచున్నది. అది పాలకుల చెవికి మరుసటి వేసవి ఎన్నికలకు మూడునాలుగు నెలల ముందు సోకెను. దీనిని ఎత్తిపొడుచుట సులభము. కాని ఆ నూరేండ్లలో ఏ ప్రతిపక్షము ఆ వాడలలో తిరిగి, ఎన్ని బడులలో తెలుగు చెప్పువారున్నారు, ఎందరు పిల్లలు మాతృభాష చదువక మానుచున్నారు అని లెక్కతీసి సభ ముందుంచెను? అడుగనివానికంటె ఆలస్యముగ ఇచ్చినవాడే ప్రజల కంటికి మేలనిపించుటలో వింత లేదు.

దౌర్జన్యము మాట. 2018 పంచాయతీ ఎన్నికలలో పశ్చిమ బెంగాలులోని 58,692 స్థానములలో 20,159 పోటీలేకయే నిండెను. అనగా నూటికి ముప్పదినాలుగు. నామినేషను వేయుటకు పోయినవారిని అడ్డగించి కొట్టిరని ప్రతిపక్షములన్నియు ఫిర్యాదుచేసినవి. వామపక్షము ఏలిన 2003లోను నూటికి పదునొకండు స్థానములు పోటీలేక నిండినవని వారిలో కొందరు చెప్పకుండిరి. వ్యవహారము సుప్రీంకోర్టుకు పోయెను. ఆగస్టులో న్యాయస్థానము ఆ ఎన్నికలను రద్దుచేయ నిరాకరించి, అన్యాయము పొందినవారు ముప్పది దినములలో ఎన్నికల పిటిషను వేసికొనవచ్చునని చెప్పెను. ముప్పది దినములు చిన్న గడువేమియు కాదు. ఒక్కొక్క స్థానమునకు ఎవరు పోటీచేయదలచెనో, ఎచ్చట అడ్డగింపబడెనో, ఎవరు చూచిరో వ్రాసిన పుస్తకమొకటి యున్నచో చాలును. ఆ 20,159 పేర్లు గల పుస్తకము ఏ పక్షపు కార్యాలయములో, ఏ బీరువాలో నున్నది?